తీపి రాని బల్ల

మెక్సికో అధ్యక్షుడు హ్యూస్టన్ వచ్చి మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందని అడిగితే, ఆయన్ని తిన్నగా మా ఇంటికి తీసుకొచ్చి మా నాయనమ్మ ముందు నిలబెట్టాలి. ఈ ఊళ్లో ఆమె తొంగిచూడని మెక్సికన్ వంటిల్లు లేదు. ఆమె వద్దన్న హోటల్లో ఆయన తిన్నాడంటే అది ఆయన ఖర్మ.

నాయనమ్మ పేరు వసుమతి. నరసాపురం నుంచి 1978లో వచ్చింది. అయిదడుగులు కూడా లేని మనిషి, పట్టుచీర మీద మా నాన్న పాత కోటు, కాళ్లకు టెన్నిస్ బూట్లు. ఇంగ్లీషు రాదు, స్పానిష్ అసలే రాదు. మాంసం, గుడ్డు ముట్టదు. మనవాళ్లు అతిథుల్ని కాస్త గొప్ప హోటల్‌కి తీసుకెళ్లాలనుకుంటే ఆ రోజుల్లో మెక్సికన్ హోటలే గుర్తొచ్చేది. పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, పెనం మీద కాల్చిన రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజలు, అన్నీ మనవే అనిపిస్తాయి. ఆ గింజల్ని చాలాచోట్ల పంది కొవ్వు వేసి మెదుపుతారని తెలిసిన రోజు నుంచి నాయనమ్మ వెయిటర్ల మాట నమ్మడం మానేసింది.

మేం బల్లల మీద తెల్లగుడ్డలు, కొవ్వొత్తులు చూసి మురిసిపోతుంటే ఆమె హోటల్ వెనక్కి నడిచేది. వెనక తలుపు తట్టి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి స్టీలు డబ్బా తీసి, తలుపు తీసిన వంటామె చేతిలో ఒక సున్నుండ పెట్టేది. అది నోట్లో పడ్డాక నాయనమ్మను బయట నిలబెట్టిన వంటామెను నేను చూడలేదు. లోపలికెళ్లి పొయ్యి పక్కనున్న డబ్బాల మూతలన్నీ తీసి వాసన చూసేది. నూనె అయితే తల ఊపేది. కొవ్వయితే మాట్లాడకుండా వచ్చి కార్లో కూర్చునేది.

"పిన్నిగారూ, మా అత్తగారు దిగారు, ఎక్కడికి తీసుకెళ్లమంటారు?" అని ఊరంతా ఆమెకే ఫోన్లు.

1986 మొదట్లో ఆ ఫోన్లు తగ్గిపోయాయి. ఈ ఊరు బతికేది చమురు మీద, దాని ధర పడిపోయింది. మా వీధిలో వారానికొక సామాన్ల ట్రక్కు ఆగేది. ఎదురింటివాళ్లు ఇంటి అప్పు కట్టలేక ఒక రోజు వీధి తలుపుకే తాళంచెవి వదిలేసి వెళ్లిపోయారు. వాళ్ల ఈతకొలను నీళ్లు మెల్లగా పచ్చబడి, తర్వాత నల్లబడ్డాయి.

మా నాన్న శ్యామ్‌సుందర్ చమురు బావుల్లో దించే పంపులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. అక్కడ మనుషుల్ని తీసేయడానికి ఆయన బాస్ ప్రూయిట్‌కి ఒక పద్ధతి ఉండేది. తీసేయబోయే మనిషిని, భార్యను మంచి హోటల్‌కి డిన్నర్‌కి పిలుస్తాడు. పిల్లల చదువుల గురించి అడుగుతాడు. చివర తీపి వచ్చాక చెబుతాడు. శ్రీధర్ అంకుల్‌కి చీజ్‌కేక్ దగ్గర చెప్పాడు. ఉమామహేశ్వరరావు అంకుల్‌కి ఐస్‌క్రీమ్ కరిగేలోపు చెప్పాడు.

మార్చిలో ఒక బుధవారం మా ఇంట్లో ఫోన్ మోగింది. మా అమ్మ జయంతి రిసీవర్ పెట్టేసి, చెయ్యి దాని మీదే ఉంచి నిలబడింది.

"మిసెస్ ప్రూయిట్. వచ్చే గురువారం డిన్నర్‌కి రమ్మంటోంది."

నాన్న టై సగం విప్పి ఆగిపోయాడు. "ఎక్కడికి?"

"ప్లేస్ మనల్నే సెలెక్ట్ చేయమంది. మెక్సికన్ అట, నైస్‌గా ఉండాలట. అత్తయ్యగారికి బాగా తెలుసని ఎవరో చెప్పారట. ఆవిణ్ని, పిల్లని కూడా తీసుకురమ్మంది."

గిన్నెలు తుడుస్తున్న నాయనమ్మ వెనక్కి తిరిగింది.

"తీపి వచ్చాకే కదరా చెబుతాడు?"

"అవునమ్మా. అయితే?"

"తీపి రాని చోటు చూస్తాను."

నాన్న నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది కానీ ఆయన మొహం చూసి మింగేశాను.

ఎనిమిది రోజులు గడువు. మర్నాటి నుంచి అమ్మ కారు డ్రైవ్ చేస్తే, నేనూ నాయనమ్మా వెతకడానికి బయలుదేరాం. ఆమె ఎప్పుడూ మెచ్చుకునే హోటల్‌కి మొదట వెళ్లాం. లోపల కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి, తలుపుకు గొలుసు. రెండోది ఊరికి పడమర, నీళ్లు చిమ్మే ఫౌంటెన్, గోడలకు నీలం పెంకులు. పది మంది వెయిటర్లున్నారు, తినేవాళ్లు ముగ్గురు. కొవ్వు లేదు, నూనే. అయినా నాయనమ్మ వద్దంది.

"ఇక్కడ చెంచా పెడితే ఆ చివరిదాకా వినిపిస్తోంది. వాడి మాట వినపడకుండా ఎలా ఉంటుంది?"

"నాయనమ్మా, చెవుల్లో దూది పెట్టుకుందామా అందరం?"

"నీ నోట్లో పెట్టుకో."

మూడో చోట గింజల్లో కొవ్వు. నాలుగో చోట అన్నం కోడిని ఉడికించిన నీళ్లలో వండారు. అయిదో చోటికి వెళ్తుంటే దారిలో మూడు ఆఫీసు భవనాలు వరసగా చీకటిగా కనిపించాయి. ఒక దాని పదో అంతస్తులో మాత్రం ఒక్క దీపం వెలుగుతోంది. అమ్మ అటు చూడలేదు.

మంగళవారానికి దొరికింది. పాత మేడను హోటల్‌గా మార్చారు. తెల్ల గుడ్డలు, వెండి చెంచాలు, గురువారాల్లో బల్ల బల్లకీ తిరుగుతూ బాకాలు ఊదే పాటగాళ్లు. వంటామె సోకోరో సున్నుండ తిని వేళ్లు నాకింది. నల్ల గింజలు నూనెలోనే చేస్తుందని నాయనమ్మ ముక్కు తేల్చింది. తర్వాత నాయనమ్మ అలమారాలో ఉన్న తీపి పళ్లేల్ని చూపించి, మా కారు వైపు చూపించి, అడ్డంగా చెయ్యి ఊపింది. అమ్మ సిగ్గుపడుతూ వచ్చీరాని స్పానిష్‌లో సంగతి చెప్పింది. సోకోరో నవ్వుతుందనుకున్నాను. ఆమె భర్త కూడా జనవరి నుంచి ఇంట్లోనే ఉన్నాడట. గురువారం మా బల్లకు తీపి రాదని, అయిపోయిందని వెయిటర్ చేత చెప్పిస్తానని మాటిచ్చింది.

గురువారం ప్రూయిట్ మాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. పెద్ద మనిషి, మెత్తటి గొంతు. నాయనమ్మకు కుర్చీ ఆయనే లాగాడు. నా చదువు గురించి అడిగాడు. నాన్న పళ్లెంలోని ఎంచిలాడా రొట్టెను చిన్న చిన్న ముక్కలు చేశాడు కానీ ఒక్కటీ తినలేదు. ప్రూయిట్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు, రెండుసార్లూ బాకాలు మా మీదికే వచ్చాయి. నాయనమ్మ వాళ్లను చేత్తో ఇంకా దగ్గరికి పిలిచింది.

పళ్లేలు తీసేశారు. ఆయన డెజర్ట్ అడిగాడు. వెయిటర్ చేతులు కట్టుకుని, క్షమించాలి, ఈ రోజుకి అయిపోయింది అన్నాడు. ప్రూయిట్ భార్య వైపు చూశాడు. గడియారం చూసుకున్నాడు. లేచి కోటు ఒక చేతికి తొడుక్కున్నాడు. ఆ సాయంత్రం మొదటిసారి నాన్న భుజాలు కిందికి దిగాయి.

అప్పుడు నాయనమ్మ హ్యాండ్‌బ్యాగ్ బొత్తం 'టిక్' మంది.

"నాయనమ్మా, వద్దు," అన్నాను.

"ఊరుకోవే. చోటు మనం చూశాం, మన బల్లే. తిన్న మనిషిని ఉత్త నోటితో పంపిస్తామా?"

స్టీలు డబ్బా మూత తెరుచుకుంది. నేతి వాసన బల్లంతా కమ్మింది. ప్రూయిట్ సున్నుండ అందుకున్నాడు, కోటులోంచి చెయ్యి తీసేశాడు, మళ్లీ కూర్చున్నాడు. పాట అయిపోయింది. ఆయన సగం తిని, మిగతా సగాన్ని పళ్లెం లేని బల్ల మీద నెమ్మదిగా పెట్టి, "శ్యామ్," అన్నాడు.

సోమవారం నాన్న ఆఫీసు సామాన్ల అట్టపెట్టెతో ఇంటికొచ్చాడు. ఇంకో ఉద్యోగం దొరికేసరికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ మా ఇంట్లో ఎవరూ సున్నుండ పేరెత్తలేదు.

అది జరిగి మూడేళ్లయింది. కాలేజీ ఒక్క సెమిస్టర్‌తో వదిలేసి ఇంట్లో కూర్చున్నదాన్ని, ఇదంతా రాసి నిన్న నాయనమ్మకు చదివి వినిపించాను. ఆమె మూకుట్లో మినప్పప్పు వేయిస్తోంది. చివరిదాకా వింది, ఎక్కడా ఆపలేదు. అదే అదనని నేను అడిగేశాను.

"నువ్వు ఆ డబ్బా తీయకపోతే నాన్న ఉద్యోగం ఉండేదేమో కదా నాయనమ్మా?"

"వాడు శుక్రవారం ఆఫీసులో చెప్పేవాడు. రాసింది చాలు, లేచి తిరగలి తుడు."