పుంటికూర పురుడు

ఘనపూర్‌లో శ్రీపాల్ చేతికి ఒక పేరుంది. ఎండుచెయ్యి. ఆయన పెట్టిన జామ బతకలేదు, నిమ్మ బతకలేదు, విరిచి పారేసినా బతికే మునగ కూడా ఆయన పాతితే బతకలేదు. తులసికోటలోని మొక్కను భార్య సునంద ఎప్పటికప్పుడు గుట్టుగా మార్చేస్తుంది కాబట్టి ఆ ఇంట్లో తులసమ్మ పరువైనా నిలిచింది. హైస్కూలు ఆఫీసులో ఆయనది గుమాస్తా ఉద్యోగం. బడిలో మొక్కలు నాటే కార్యక్రమం పెడితే హెడ్మాస్టరు ఆయనకు గడ్డపార ఇచ్చేవాడు, బకెట్టు ఇచ్చేవాడు, ఆఖరికి మైకు కూడా ఇచ్చేవాడు. మొక్కను మాత్రం చేతికిచ్చేవాడు కాదు. కౌలుకు ఇచ్చిన సొంత పొలానికి పోతే, "సారూ, గట్టు మీదికెల్లే చూడు, లోపలికి దిగకు" అని కౌలుదారు మర్యాదగా దండం పెట్టేవాడు.

శ్రీపాల్ నవ్వేవాళ్లతో కలిసి తానూ నవ్వేవాడు. ఇంటికొచ్చి చేతులు కడుక్కునేటప్పుడు మాత్రం అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకునేవాడు. బాధగానే ఉండేది.

అట్లాంటి మనిషికి దేవుడు పోయి పోయి మొక్కలతోనే పరీక్ష పెట్టాడు. వానల్లో జ్వరం పట్టి లేచాక వాళ్లవ్వ, అంటే కన్నతల్లి భద్రమ్మకు నోటికి రుచి తెలియకుండా పోయింది. అన్నం పెడితే సున్నం అంటుంది, కూర పెడితే రబ్బరు అంటుంది, పళ్లెం పక్కకు నెడుతుంది. మెల్లగా అదే వస్తుందని దవాఖానలో చెప్పారు. రుచి వచ్చేలోపు ఈమె పోయేట్టుందని శ్రీపాల్ భయం. చేతి గాజులు మోచేతి దాకా ఎక్కుతున్నాయి.

"నాకేమొద్దు బిడ్డా. మా తల్లిగారింటి పుంటికూర దొరుకుతే మాత్రం ఇంత తింట," అన్నది ఒక పొద్దున.

గోంగూర అని మిగతా చోట్ల అంటారే, అదే పుంటికూర. అంగట్లో దొరికిన కట్టలన్నీ తెచ్చి సునంద పచ్చడి నూరింది. భద్రమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "గిది పుంటికూరనా? నానవెట్టిన కాయితం," అన్నది. ఆమెకు కావలసింది నర్సింహులపేటలో వాళ్ల నాయిన ఇంటి గోడ పక్కన, స్నానాల నీళ్లు పారే చోట పెరిగే ఎర్రకాడ పుంటికూర. "దాని పులుపుకు ఎడమ కన్ను దానంతట అదే మూతవడాలె. మూతవడకపోతే అది మాది కాదు," అని గుర్తు కూడా చెప్పింది.

శ్రీపాల్ బస్సెక్కి పోయాడు. అక్కడ ఇల్లూ లేదు, గోడా లేదు, జాగా చదును చేసి ఉంది. ఆ ఎర్రమట్టిలో ఆయన దిక్కుతోచక తిరుగుతుంటే, ఒకప్పుడు తండా నుంచి ఆ ఇంటికి పనికొచ్చిన ముసలి సక్రి చూసి విషయం అడిగింది. ఆకు తెంపుకుని వండుకున్నాక కాడల్ని మట్టిలో గుచ్చడం ఆమెకు అలవాటు. ఆ గోడ పుంటికూర కాడలు నాలుగు ఆమె వాకిట్లో, పాల ప్యాకెట్లలో, అప్పుడే వేళ్లు తొడిగి ఉన్నాయి.

"గింజ వెడితే ఎట్లొస్తదో తెల్వది సారు. కాడ వెడితే అచ్చం తల్లే మళ్ల వస్తది," అంటూ చేతికివ్వబోయి ఆగింది. "అవునుగని, ఎండుచెయ్యి శ్రీపాల్ అంటే నువ్వేనా?"

పేరు జిల్లా దాటి వచ్చిందన్నమాట. శ్రీపాల్ తల వంచుకున్నాడు.

"ఇగ నా తాన లేవు, గివే. బాలింతను చూసినట్టు చూడు. ఎండ తగలనియ్యకు, గాలి తగలనియ్యకు, అందర్ని లోపలికి రానియ్యకు."

సక్రి మాటవరసకు అన్నది. శ్రీపాల్ గుమాస్తా కదా, దాన్ని సర్కారు ఆర్డరులాగా పట్టుకున్నాడు.

ఇంటికి రాగానే వెనక గది ఖాళీ చేయించాడు. కిటికీకి దుప్పటి, కాడల ప్యాకెట్లు పెట్టిన మంచం చుట్టూ తడిపిన ధోవతి, తలుపుకు వేపరొట్టలు, గడప పక్కన చీపురు, పాత చెప్పు. ఎండ తగలొద్దన్నారని పెద్ద బల్బు పెట్టాడు. పొద్దుగూకితే సాంబ్రాణి పొగ వేశాడు. లోపలికి పోవాలంటే కాళ్లు కడుక్కోవాలి, అదీ ఆయన ఒక్కడే పోవాలి.

"జర సొంఠి దంచు," అన్నాడు భార్యతో.

"ఎవలికి?"

"బాలింతలకు."

సునంద కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా నవ్వు ఆగలేదు. "నేను కాన్పయినప్పుడు సొంఠి తెమ్మంటే అంగట్ల క్రికెట్ చూసుకుంట కూసున్నవు. పుంటికూరకు మాత్రం అడగకముందే సొంఠి!"

సొంఠి నీళ్లు తాగిన కాడ తెల్లారేసరికి తల వాల్చింది. ఆ రోజు శ్రీపాల్ అన్నం ముట్టలేదు. ఇక సొంఠి బంద్ చేసి, మిగతా పథ్యమంతా అలాగే నడిపించాడు. ఎందుకో గానీ మిగిలిన మూడూ బతికాయి. నీడ పనిచేసిందో, తడిబట్ట పనిచేసిందో, పాత చెప్పే పనిచేసిందో మనకెందుకు? అయిదు వేళ్లలాంటి ఆకులు వేశాయి. దిష్టి తగులుతుందని ఆయన ఎవరికీ చెప్పలేదు. అవ్వకు కూడా చెప్పలేదు.

పక్కింటి ప్రభాకర్ సర్పంచిగా నిలబడి ఓడినప్పటి నుంచి గోడ మీదుగా చూడ్డం తప్ప వేరే పని పెట్టుకోలేదు. ఒకనాడు గాలికి దుప్పటి జారింది. మూసిన గది, బల్బు, పొగ, అయిదు వేళ్ల ఆకు. ఆయన టీకొట్టు దగ్గరికి పరుగున పోయి, "శ్రీపాల్ ఇంట్ల గంజాయి పెంచుతుండు. నిప్పు లేంది పొగొస్తదా?" అన్నాడు.

నిప్పు నిజంగానే ఉంది, కాకపోతే సాంబ్రాణిది. ఊళ్లో సగంమంది నమ్మారు. తక్కిన సగం, "పోవయ్యా, ఆయన వెడితే గంజాయి గూడ ఎండుతది," అని కొట్టిపారేశారు. మంచి పేరున్న ఒక పెద్దమనిషి అయితే సందులో శ్రీపాల్‌ను ఆపి, "కీళ్ల నొప్పులున్నయ్, జరంత దొరుకుతదా?" అని గొంతు తగ్గించి అడిగాడు. పుంటికూర సంగతి ఈయనకెట్లా తెలిసిందా అనుకుంటూ శ్రీపాల్, "ముందు మా అవ్వ తినాలె. ఆమె తిన్నాకనే ఎవలికైనా," అన్నాడు. పెద్దమనిషి నోరు తెరిచింది తెరిచినట్టే ఇంటికి పోయాడు.

మర్నాడు ఎస్సై వచ్చాడు, వెంట కానిస్టేబుల్ వీరేందర్. వాళ్ల వెనక ఊరు. ఎస్సై ఆకును చూశాడు, గంజాయిలాగే ఉందని తల ఊపాడు. వాసన చూద్దామంటే గదంతా సాంబ్రాణే. అప్పుడు టీకొట్టాయన జాలిపడి ముందుకొచ్చాడు.

"సార్, ఈయన చేతిల ఏ మొక్కా బతకది. ఊరంత సాక్ష్యం చెప్తది. అవి ప్లాస్టిక్‌వి అయ్యుంటయ్."

"అవు సార్, ప్లాస్టిక్‌వే," అన్నారు నలుగురు. ఎస్సైకి కూడా నమ్మాలనే ఉంది, ఎండ మండిపోతోంది. "ప్లాస్టిక్‌వేనా?" అని శ్రీపాల్‌ను అడిగాడు. ఔనంటే అయిపోయేది. సునంద కళ్లతోనే ఔనను, ఔనను అని బతిమాలింది.

"ప్లాస్టిక్ కాదు సార్!" అని అరిచాడు శ్రీపాల్. "బతికినయ్! నా చేతిల బతికినయ్!"

సునంద నెత్తి కొట్టుకుంది.

"అయితే పీకి బండిల పెట్టండ్రి, పరీక్షకు పంపుదాం," అన్నాడు ఎస్సై.

శ్రీపాల్ రెండు చేతులూ చాపి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "పుంటికూర సార్! పీకుతే సస్తయ్. బాలింతలు, బయటి గాలి తగలొద్దు."

"ఎవరయ్యా బాలింత?" ఎస్సై పరేషాన్ అయ్యాడు.

"సార్, ఒక ఆకు నమిలితే తెలుస్తది గదా, పులుపుంటే పుంటికూర," అన్నాడు వీరేందర్. మంచి మాటే. కానీ పులుపు లేకపోతే ఏమవుతుందో అని ఎవరూ నోరు తెరవలేదు. ప్రభాకర్‌ను నమలమంటే, ఈరోజు శనివారం, ఒక్కపొద్దున్నానన్నాడు.

"జరుగుండ్రి."

భద్రమ్మ. గోడ పట్టుకుంటూ వచ్చింది. కొడుకు చంక కిందుగా దూరి, ధోవతి తొలగించి, ఎర్రకాడను వేలితో నిమిరింది. తర్వాత ఒక ఆకు తెంపి నోట్లో వేసుకుంది.

జనం మునివేళ్ల మీద లేచారు. ఆమె నములుతోంది. మొహంలో ఏమీ లేదు. సున్నం తిన్నప్పుడు ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది.

"తెలుస్తాందా అవ్వా?" అన్నాడు శ్రీపాల్. ఆమె నములుతూనే ఉంది. ఆయనకు పోలీసులు మతికి లేరు, కేసు మతికి లేదు. మొక్కలు బతికీ అవ్వ నాలుక బతకకపోతే ఇదంతా ఎందుకనుకున్నాడు.

అప్పుడు భద్రమ్మ ఎడమ కన్ను మూతపడింది. తర్వాత భుజాలు వణికాయి. తర్వాత మొహమంతా ముడుచుకుపోయింది.

"వామ్మో! పులుపురా!"

ఎస్సై టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. వీరేందర్ నవ్వాడు. భద్రమ్మ ఒంటి కన్నుతోనే కొడుకు చెయ్యి పట్టుకుని, అరచేయి తిప్పి అందరికీ చూపించింది.

"ఎవడురా దీన్ని ఎండుచెయ్యి అన్నది?"

ఊరంతా ప్రభాకర్ వైపు చూసింది, తానెప్పుడూ అననట్టు. ఆమె రెండో ఆకుకు చెయ్యి చాపింది. శ్రీపాల్ ఏడుస్తూనే ఆ చెయ్యి ఆపాడు.

"వద్దవ్వా, ఇంక పురుడు కాలే."

"మరి ఆకలైతాందిరా," అన్నది భద్రమ్మ.