పశువుల డాక్టరమ్మ కుట్లు

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దుకి కూతవేటు దూరంలో ఉన్న ఆ నాలుగైదు ఊళ్ళల్లో వెర్నా టిబోని ఎరగని ఆవు లేదు. మనుషుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ముప్పై నాలుగేళ్ళపాటు ఆమె అక్కడ పశువుల డాక్టరు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. గొంతు విప్పిందంటే పాకలో ఆ చివరనున్న ఎద్దు కూడా తలెత్తి చూడాల్సిందే.

చదువు ముగించుకుని కొత్తగా వచ్చినప్పుడు, ఆడదానివి నువ్వేం దూడని లాగుతావని రైతులు మొహం మీదే అన్నారు. ఆరిన్ కోల్బర్న్ అయితే చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్న చనువు కొద్దీ, "ఆ పొట్టి చేతులతో నువ్వు దూడని అందుకునేసరికి అది పెరిగి పాలు కూడా ఇస్తుంది" అని పగలబడి నవ్వాడు. ఆ శీతాకాలమే అతని పాకలో, గడ్డకట్టిన నేల మీద మూడు గంటలు బోర్లా పడుకుని, అడ్డం తిరిగిన కవల దూడల్ని బయటికి తీసింది వెర్నా. "అందాయా?" అని అడిగింది లేస్తూ. ఆరిన్ వేడినీళ్ళ బకెట్టు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆ చుట్టుపక్కల క్షమాపణ అంటే అంతే. అంతకు మించి కావాలనుకునేవాళ్ళు వేరే ఎక్కడైనా పుట్టాల్సింది.

మనుషులకి కుట్లు వెయ్యడం ఎప్పుడు మొదలైందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. ఒక రైతు ముందు ఆవు పొదుగు చూపించాడు. ఆ పని అయ్యాక జేబులోంచి చెయ్యి బయటికి తీసి, "ఎలాగూ వచ్చావుగా, ఇది కూడా ఓసారి చూడు" అన్నాడు. గడ్డి మోపులు కట్టే యంత్రంలో పడి అరచెయ్యి అడ్డంగా చీలిపోయి ఉంది.

"నేను పశువుల డాక్టర్నయ్యా. ఆసుపత్రికి పో."

"పోతాలే, పాలు పితికాక."

వాడు పోడని ఆమెకి తెలుసు. ఆమెకి తెలుసన్న సంగతి వాడికీ తెలుసు. వాడికి ఆరోగ్య బీమా లేదు. ఆ ఊళ్ళల్లో పాడి రైతుల్లో సగం మందికి లేదు. ఉన్నవాళ్ళ బీమా కూడా ఎలాంటిదంటే, దాంతో మందు కొనుక్కోవడం కన్నా ఆ కాగితాన్నే గాయానికి చుట్టుకోవడం నయం. వెర్నా కాసేపు వాణ్ణి తిట్టింది, ఇంకాసేపు ఆ చెయ్యి వంక చూసింది, తర్వాత పాలగదిలోకి నడవమంది. పాడి ఉన్న ఏ కొట్టంలోనైనా పాలగదికి మించిన శుభ్రమైన చోటు ఉండదు. స్టీలు తొట్టి, మరిగే నీళ్ళు, పాల ఇన్‌స్పెక్టరు వచ్చి మరీ చూసిపోయే నేల. అక్కడ నిలబెట్టి కుట్లు వేసింది. ఆవైతే కదలకుండా నిలబడేది, వీడు మాత్రం కుట్టు కుట్టుకీ ఒక బూతు తిట్టాడు.

తర్వాత ఇంకొకడు, ఆ తర్వాత మరొకడు. ఆమె మనుషుల కోసం బండిలో వేరే పెట్టె పెట్టుకుంది. మందులు మాత్రం ఇచ్చేది కాదు. పిల్లల్ని అసలు ముట్టుకునేది కాదు, పిల్లకి దెబ్బ తగిలితే తల్లి వద్దంటున్నా వినకుండా తన బండిలోనే ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయేది. ఎవరి దగ్గరా డబ్బు పుచ్చుకోలేదు. తిరిగి వచ్చేసరికి బండి సీటు మీద మేపుల్ చెట్టు రసం కాచిన పాకం సీసా ఒకటి ఉండేది. అదీ బజారుకి అమ్మే లేత రంగుది కాదు, ఇంట్లో దాచుకునే ముదురు రంగుది. ఇదంతా చట్టం ఒప్పుకోని పని, లైసెన్సు పోయే పని. ఆ సంగతి అన్ని ఊళ్ళకీ తెలుసు. అన్ని ఊళ్ళూ నోరు కుట్టేసుకుని కూర్చున్నాయి.

ఆరిన్ పాదంలో పేడ ఎత్తే ముళ్ళపార దిగినప్పుడు మాత్రం ఆమె సూది బయటికి తియ్యలేదు. సన్నటి గాయం, లోతు మాత్రం ఎంతో తెలియదు. అప్పటికే చుట్టూ ఎర్రగా పొంగింది.

"ఇది కుట్టేది కాదు. విషం లోపలుంది. ఇవాళే ఆసుపత్రికి పోవాలి, రేపు కాదు."

"పోతాను."

"ఒట్టు?"

"ఒట్టు వెర్నా. బడిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడకు."

ఆరిన్ ఆమెకి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఆమె నమ్మి, పక్క ఊళ్ళో ఒక ఆవు ఈనుతుంటే వెళ్ళిపోయింది. ఆరో రోజు అతన్ని అంబులెన్సులో ఎక్కించారు. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. ట్రాక్టరు మీద పడిందని ఆరిన్ ఊరందరికీ చెప్పాడు. వెర్నాకీ అదే చెప్పాడు, కళ్ళలోకి చూడకుండా. ఆమె గుచ్చి అడగలేదు. ఆ రోజు చెవి పట్టుకుని బండెక్కించి ఉంటే ఆ కాలు దక్కేదన్న మాట మాత్రం, ఏ పనిలో ఉన్నా ఆమెని వదల్లేదు.

ఆ మరుసటి శీతాకాలం రాష్ట్ర శాసనసభ ముందుకి ఒక బిల్లు వచ్చింది. రాష్ట్రంలో ఉన్న ప్రతి మనిషికీ వైద్యం, ఖర్చంతా ఒకే చోట నుంచి ప్రభుత్వమే కడుతుంది, నీకు ఉద్యోగముందా బీమా ఉందా అని గుమ్మం దగ్గర అడిగేవాళ్ళుండరు. జనం అభిప్రాయం వింటామని కమిటీ ప్రకటించింది. మంచు కరిగి రోడ్లన్నీ బురదగుంటలైన రోజుల్లో వెర్నా రాజధానికి బయల్దేరింది. పేడ అంటిన బూట్లతోనే సభలో కూర్చుంది. మనిషికి రెండు నిమిషాలు. ముప్పై సెకన్లు మిగిలితే పసుపు కార్డు, అయిపోతే ఎర్ర కార్డు చూపిస్తారు.

"నా పేరు వెర్నా టిబో, పశువుల డాక్టర్ని" అంది. "నేను పాలగదుల్లో మనుషులకి కుట్లు వేశాను. ఇరవై ఏళ్ళుగా వేస్తున్నాను. అది తప్పని నాకు తెలుసు. ఆవుకి జబ్బు చేస్తే నన్ను పిలవడానికి రైతు క్షణం ఆలోచించడు, తన ఒంటికి వస్తే మాత్రం వారం ఆలోచిస్తాడు. ఒకాయన నాకు ఒట్టేసి కూడా ఆసుపత్రికి వెళ్ళలేదు. ఆయన కాలు పోయింది. పేరు చెప్పను. నేను ఇక కుట్లు వెయ్యాల్సిన అవసరం లేకుండా చెయ్యండి, అంతే."

ఎర్ర కార్డు లేవకముందే కూర్చుంది. ఆ బిల్లంటే గిట్టని సభ్యుడొకాయన కళ్ళజోడు సర్దుకుని, "డాక్టర్ గారూ, మీరిప్పుడు ఒప్పుకున్నది మీ లైసెన్సుకే ముప్పని తెలుసా?" అని అడిగాడు. "తెలుసు సార్. తెలిసే ఇంత బురదలో వచ్చాను" అంది.

ఆ బిల్లు చివరికి చట్టమైందనీ, ఆ తర్వాత దానికి డబ్బు తెచ్చే దారి తేలక అటకెక్కిందనీ అందరికీ తెలిసిందే. ఆ ఏడుపు ఇక్కడొద్దు. ఆ ఏప్రిల్‌లో మాత్రం ఇంకా ఏదీ తేలలేదు, బిల్లు ఎగువసభలో, సెనేట్‌లో ఉంది. పశువుల డాక్టరు చెప్పే కట్టుకథలు విని చట్టాలు చేస్తారా అని దాన్ని ఒప్పనివాళ్ళు ఎగతాళి చేస్తున్నారు. ఎవరో ఫిర్యాదు పెట్టారు. పశువైద్యుల లైసెన్సు బోర్డు వెర్నాని పిలిచింది.

ఆమె తరఫు ప్లీడరు క్లైడ్ హేజెన్ నెమ్మదస్తుడు. ముందు రోజే నచ్చజెప్పాడు. "పేరు లేదు, సాక్షి లేడు. ఆవేశంలో కాస్త పెంచి చెప్పానని ఒక్క మాట అను. కేసు అక్కడితో సరి. ఎల్లుండి నీ ఆవుల దగ్గర నువ్వుంటావు."

"పెంచలేదు క్లైడ్, తగ్గించాను. రెండు నిమిషాలే ఇచ్చారు."

"ఈ వయసులో లైసెన్సు పోతే ఏం చేస్తావు?"

ఆవులు తప్ప ఆమెకి ఇంకో లోకం లేదు. ఆ భయంతోనే మర్నాడు బోర్డు ముందుకి వెళ్ళింది.

వెళ్ళేసరికి గదిలో వెనక వరసలన్నీ నిండి ఉన్నాయి. పదకొండు మంది రైతులు, తలలు తడిపి దువ్వుకుని, చావులకి వేసుకునే కోట్లు తగిలించుకుని కూర్చున్నారు. చంకలో కర్ర పెట్టుకుని ఆరిన్ చివర్న ఉన్నాడు. ఒక్కడూ ఆమె వంక చూడలేదు. బోర్డు అధ్యక్షురాలు నెరసిన జుట్టున్న ఓపికమంతురాలు. మీరంతా ఎందుకొచ్చారని అడిగింది.

మొదటివాడు లేచాడు. "మేడమ్, వెర్నా మమ్మల్ని ఎవర్నీ ముట్టుకోలేదు. ఆవిడకి మనుషులంటేనే పడదు."

"మీ అరచేతిలో ఆ మచ్చేమిటి?"

"ఇదా? పిల్లి గీరింది."

"పిల్లి గీరితే కుట్లు పడ్డాయా?"

"పెద్ద పిల్లి, మేడమ్."

రెండోవాడు తన పిక్కకి కుట్లు భార్య వేసిందన్నాడు. దేంతో అంటే తడుముకుని, కుట్టుమిషనుతో అన్నాడు. మూడోవాడు అసలు తనకి మోచేతి మీద మచ్చే లేదన్నాడు, చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ. అలా పది మందీ అయ్యాక ఆరిన్ కూర్చునే అన్నాడు, "నా కాలు ట్రాక్టరు కింద పోయింది. వెర్నా ఆ రోజు ఊళ్ళోనే లేదు. ఆవిడకి కొంచెం గొప్పలు చెప్పుకునే అలవాటుంది, చిన్నప్పట్నుంచీ."

వెర్నాకి నవ్వొచ్చింది. ఆవుని అమ్మేటప్పుడు దాని వయసు రెండేళ్ళు తగ్గించడం తప్ప ఇంకో అబద్ధం రాని మనుషులు. తనకోసం పొద్దున పాలు ఎవరికో అప్పజెప్పి, ఇంత దూరం వచ్చి, నోటికొచ్చింది చెబుతున్నారు. తను నోరు మూసుకుంటే చాలు. క్లైడ్ బల్ల కింద ఆమె చెయ్యి నొక్కాడు. ఆమె ఆ చెయ్యి తీసేసి లేచింది.

"మేడమ్, వీళ్ళు మంచివాళ్ళే గానీ అబద్ధాలాడుతున్నారు. ఆ పెద్ద పిల్లి గడ్డి మోపుల యంత్రం. పదహారు కుట్లు, లెక్కపెట్టుకోండి. ఆ కుట్టుమిషను నేనే. ఆ మోచెయ్యి మచ్చ చొక్కా చెయ్యి పైకి లాగితే కనిపిస్తుంది."

"కూర్చో వెర్నా!" ఆరిన్ అరిచాడు. "నీకోసం ఇంత దూరం వచ్చి అబద్ధమాడుతుంటే—"

"అబద్ధమని నువ్వే అంటున్నావుగా" అంది వెర్నా. గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె వెనక్కి తిరిగింది. "ఇవాళ నేను కల్పించి చెప్పానంటే, రేపు సెనేట్‌లో మీకే కష్టమూ లేదని తేల్చేస్తారు. ఇన్నేళ్ళు మిమ్మల్ని కుట్టి కుట్టి, చివరికి మీకు గాయాలే లేవని నేనే సంతకం పెట్టాలా?"

అధ్యక్షురాలు మెల్లగా అడిగింది. "ఆ కాలు పోయినాయన పేరు చెప్పగలరా డాక్టర్ గారూ? మీరు ఆయనకి ఏం చేశారో, ఏం చెయ్యలేదో తెలిస్తే మీకే మంచిది."

"చెప్పను. అది ఆయన సొంత విషయం."

క్లైడ్ తల పట్టుకున్నాడు. వెనక కర్ర నేలకి తగిలిన చప్పుడైంది. ఆరిన్ లేచి నిలబడుతున్నాడు. పక్కవాడు సాయం పట్టబోతే విదిలించుకున్నాడు.

"రాసుకోండి. ఆరిన్ కోల్బర్న్. ట్రాక్టరు లేదు, గీక్టరు లేదు. ముళ్ళపార దిగింది. వెర్నా ఆసుపత్రికి పొమ్మంది, నేను ఒట్టేశాను, పోలేదు. పాకలో ఫ్రిజ్‌లో ఆవుల పెన్సిలిన్ ఉంటుంది. ఎంత బరువుకి ఎంతో సీసా మీద రాసుంటుంది. నా అంత బరువున్న దూడకి ఎంతో చూసుకుని తొడకి పొడుచుకున్నాను. ఐదు రోజులు. వెర్నాకి చెప్పలేదు, చంపేస్తుందని."

"ఆసుపత్రికి ఎందుకు వెళ్ళలేదండీ?" అని అడిగింది అధ్యక్షురాలు.

ఆరిన్ టోపీ చేతుల్లో నలుపుకున్నాడు.

"అంతకు ముందు మా ఆవిడ జబ్బుకి మందలో సగం ఆవుల్ని అమ్మాను మేడమ్. ఆవిడా దక్కలేదు. మిగిలినవి ఇరవై రెండు. ఈసారి ఏదాన్ని అమ్మాలా అని ఆ రోజు పాకలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. ప్రతిదాని దగ్గరా ఆగాను. ఒక్కదాన్ని కూడా ఎంచలేకపోయాను. కాలు పోతే పోయిందనుకున్నాను."

అంటూ కూర్చుండిపోయాడు. ముప్పై నాలుగేళ్ళలో రైతుల ముందు కంటతడి పెట్టని వెర్నా అక్కడ, ఆ గదిలో, దాచుకోకుండా ఏడ్చింది. పదకొండు మందీ బూట్ల వంక చూస్తూ ఉండిపోయారు. మాటలు టైపు చేస్తున్న గుమాస్తా పిల్ల వేళ్ళు ఎప్పుడు ఆగిపోయాయో, కళ్ళు తుడుచుకుంటోంది.

"ఆపకమ్మా" అంది వెర్నా ఆ పిల్లతో. "ఆ ఆవుల మాట కూడా ఎక్కించు."

బోర్డు ఆమె లైసెన్సుని ఏడాదిపాటు ఆపింది. అంతకన్నా తక్కువ శిక్ష వెయ్యడానికి తమకి వీల్లేదని అధ్యక్షురాలు బయటిదాకా వచ్చి చెప్పింది. రెండు వారాల తర్వాత సెనేట్‌లో ఒక సభ్యురాలు లేచి ఆరిన్ చెప్పింది అక్షరం మార్చకుండా చదివింది. ఆ సమయానికి వెర్నా ఆరిన్ పాకలో, అతను కర్ర మీద ఒరిగి ఇది సరిగ్గా పట్టుకో, అది సరిగ్గా కడుగు అని సతాయిస్తుంటే, ఇరవై రెండు ఆవుల పాలు పితుకుతోంది. దానికి లైసెన్సు అక్కర్లేదు.