రాధారాణి, ఒక వేటకుక్క, రెండు ఫెరెట్లు

అమెరికాలో సియాటిల్ పక్కనున్న బాతెల్‌లో, మా వీధి చివరింట్లో ఉంటుంది రాధారాణి. వయసు యాభై దాటింది. వారమంతా కుక్కలూ పిల్లులూ వచ్చే ఒక క్లినిక్‌లో వెట్ టెక్నీషియన్‌గా పనిచేస్తుంది. చలికాలం వచ్చిందంటే శనివారాలు కుందేళ్ల వేటకి వెళ్తుంది. పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టని మనిషి వేటకి వెళ్లడమేమిటని కొత్తగా విన్నవాళ్లు నవ్వుతారు. నేను ఆవిడ వెంట ఆ వేట సాగే పొలానికి చాలాసార్లు వెళ్లాను. నాకు నవ్వు రాదు.

వాళ్లది అవనిగడ్డ దగ్గర, కృష్ణా కరకట్టని ఆనుకుని ఉన్న ఊరు. బీఎస్సీ జువాలజీ చదివింది. పెళ్లయి భర్త కృష్ణమోహన్‌తో ఇక్కడికొచ్చాక చాలా ఏళ్లు వీసా ఆవిణ్ణి ఉద్యోగం చెయ్యనివ్వలేదు. గ్రీన్‌కార్డు వచ్చి, కూతురు మైత్రి కూడా కాస్త పెద్దదయ్యాక, కమ్యూనిటీ కాలేజీలో చేరి జంతువుల నర్సింగు నేర్చుకుంది. "కుక్కలకి నర్సువా?" అని చుట్టాలెవరో ఫోన్లో వెటకారం చేస్తే, "అవునండీ, అవి వెటకారం చెయ్యవు" అందట.

క్లినిక్‌కి కరిచే కుక్క వచ్చిందంటే అందరూ ఆవిణ్ణే పిలుస్తారు. ఎదురుగా వెళ్లదు. పక్కనుంచి వచ్చి, కళ్లలోకి చూడకుండా నేలమీద కూర్చుని, తెలుగులో ఏవో కబుర్లు చెబుతూ ఉంటుంది. కాసేపటికి ఆ కుక్క మెడ ఆవిడ ఒళ్లో ఉంటుంది. డాక్టర్లు ఇంజెక్షన్ పట్టుకుని ఆవిడ తల ఊపేదాకా ఆగుతారు.

ఒక అక్టోబరులో ఆ క్లినిక్‌కి బెవ్ అనే ముసలావిడ వచ్చింది. స్నోహోమిష్ నది పక్కన ఆవిడకి పొలం ఉంది. భర్త వాల్ట్ ఆ వేసవిలోనే పోయాడు. ఒక చేతిలో బోను, రెండో చేతిలో పట్టీ. పట్టీ చివర బూడిదరంగు కుక్క, పొడుగు కాళ్లు, లోపలికి పోయిన పొట్ట. దాని పేరు పెన్నీ. బోనులో రెండు ఫెరెట్లు. ముంగిసని ఇంకాస్త సాగదీసి, మెత్తటి బొచ్చు కప్పితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. మార్బుల్ ఆడది, పెప్పర్ మగది.

"కుక్క తిండి మానేసింది. వీటిని నేను చూసుకోలేను. ఎవరికైనా ఇచ్చేయండి" అంది బెవ్.

పెన్నీకి జబ్బేమీ లేదని పరీక్షల్లో తేలింది. "మరి ఇది ఏం పని చేసేది?" అని అడిగింది రాధారాణి. ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు.

వాల్ట్ ఈ మూడింటితో తన పొలంలో కుందేళ్లని పట్టేవాడని బెవ్ చెప్పింది. మూడింటినీ అప్పటికి బెవ్‌తోనే ఇంటికి పంపి, ఆ శనివారం పెన్నీకి మందులిచ్చే వంకతో రాధారాణి పొలానికి వెళ్లింది. నది ఒడ్డున కరకట్ట ఉంది. దాని పక్కవాలు నిండా బొరియలు. ఇక్కడి అడవి కుందేళ్లు బొరియలు తవ్వవు. ఇవి ఎవరో పెంచుకుని, విసుగొచ్చి వదిలేసిన కుందేళ్ల సంతానం. ఏటేటా పెరిగి, కట్టని జల్లెడ చేసి పెట్టాయి.

అది చూసి రాధారాణి ముఖం మారిపోయిందని బెవ్ నాతో చెప్పింది. మారదు మరి. ఎండ్రకాయ బొక్క కనబడితే పార పట్టుకుని పరిగెత్తే ఊళ్లో పుట్టింది. గండి పడిందంటే ఏమవుతుందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"విషం పెట్టమన్నారు కొందరు. నాకిష్టం లేదు. విషం తిన్న కుందేలుని తిని గద్దలు పడి చచ్చిపోతాయి. వాల్ట్ ఎప్పుడూ ఒప్పుకోలేదు" అంది బెవ్.

"ఆయన ఎలా చేసేవాడో మీకు తెలుసా?"

"నలభై ఏళ్లు పక్కన నిలబడి చూశాను. చెయ్యడం రాదు కానీ, చెప్పడం వచ్చు."

అలా మొదలైంది. పట్టుకోవడానికి ఏ అనుమతి కావాలో బెవ్ అడగాల్సిన చోట అడిగి తెలుసుకుంది. తర్వాతి శనివారం పికప్ ట్రక్కుని కట్ట పక్కకి తెచ్చి, అద్దం దించి, దుప్పటి కప్పుకుని అక్కణ్ణుంచే పాఠం మొదలుపెట్టింది.

పని చెప్పుకోవడానికి తేలికే. కుక్క బొరియలన్నీ వాసన చూస్తూ పోతుంది. లోపల కుందేలుంటే ముందుకాలు ఎత్తి అక్కడే ఆగిపోతుంది, లేకపోతే దాటిపోతుంది. అది ఆగిన బొరియకి ఎన్ని దారులున్నాయో వెతికి, ప్రతి దారికీ ఒక వల కప్పాలి. లోపల్నుంచి ఏదైనా వచ్చి తగిలితే వల సంచిలా ముడుచుకుంటుంది. అప్పుడు ఒక దారిలో ఫెరెట్‌ని వదలాలి. అది లోపలికి వెళ్తే కుందేళ్లు బయటికి దూకుతాయి. అంతసేపూ మనిషి మాట్లాడకూడదు, అడుగు చప్పుడు కాకూడదు.

మొదటిరోజు పెన్నీ ఒక పెద్ద బొరియని అసలు పట్టించుకోకుండా వెళ్లిపోయింది. దాని ముందు తాజా మట్టి ఉంది. రాధారాణికి ఆశ పుట్టింది. "ఇందులో తప్పకుండా ఉంటుంది" అని వల వేసి పెప్పర్‌ని వదిలింది. పెన్నీ దూరంగా పోయి, వీపు తిప్పి కూర్చుంది. బెవ్ ట్రక్కు అద్దం పైకెత్తేసింది. కాసేపటికి పెప్పర్ వెళ్లినదానికన్నా వేగంగా బయటికొచ్చింది, దాని వెనకే తోక ఎత్తి కంపు చిమ్మే స్కంక్. ఆ వాసన తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి ఎంత చెప్పినా చాలదు.

మర్నాడు మా వీధిలోనే ఉండే జగన్మోహన్ గారింట్లో సత్యనారాయణ వ్రతం. ఎన్నిసార్లు తలస్నానం చేసినా వాసన పోలేదు. ఆవిడ బయట డెక్ మీదే కూర్చుంటే, ప్రసాదం అక్కడికే తెచ్చిచ్చారు.

"ఎందుకమ్మా నీకీ తిప్పలు?" అన్నాడు కృష్ణమోహన్, ముక్కు మూసుకుని.

"తప్పు నాదేనండీ. పెన్నీ చెప్పింది, నేను విన్లేదు" అంది.

ఆ తర్వాత పెన్నీ కాదన్న బొరియ దగ్గర ఆవిడ ఎప్పుడూ వల వెయ్యలేదు. ఆ వారం నుంచి పెన్నీ కూడా తిండి తినడం మొదలుపెట్టింది.

వల్లో పడ్డ కుందేలుని ఏం చెయ్యాలన్నదే అసలు కష్టం. కట్ట మీద కనబడ్డ వాటిలో కొన్ని కొత్తగా వదిలేసినవి. ఒకసారి చెవులు వేలాడే తెల్ల కుందేలొకటి పడింది. వల విప్పి ఎత్తుకోగానే ముక్కు ఆవిడ మోచేతి వంపులో దూర్చింది. అలాంటివాటిని బోనులో పెట్టి జంతువుల షెల్టర్‌కి చేర్చేది. కట్ట మీదే పుట్టిపెరిగినవి మనుషుల మధ్య బతకలేవు, వేరేచోట వదిలితే అక్కడి కట్టలూ పొలాలూ తవ్వుతాయి. వాటిని చంపాలి. కాలేజీలో నేర్చుకున్నదానికి తోడు, వాటికి నొప్పి తెలిసేలోపే పని అయిపోయేలా ఎలా చెయ్యాలో డాక్టర్ దగ్గర మళ్లీ నేర్చుకుంది. మొదటిసారి చేసిన రోజు పొలం పక్క కాలవలో చాలాసేపు చేతులు కడుక్కుందట. చనిపోయినవాటిలో ఒక్కటీ పారెయ్యలేదు. దెబ్బతిన్న గద్దల్ని సాకే కేంద్రానికి కొన్ని ఇచ్చేది, మిగతావి బెవ్ పొరుగువాళ్లు వండుకునేవాళ్లు.

సియాటిల్‌లో చదువుకుంటున్న మైత్రి అప్పటికి పూర్తి వీగన్. పాలు కూడా మానేసింది. సంగతి తెలిసి ఆ వారాంతం ఇంటికొచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

"అమ్మా, సీరియస్‌లీ? నువ్వు ఎగ్ కూడా తినవ్. కానీ బన్నీస్‌ని చంపుతున్నావ్. అది ఎలా ఓకే?"

"ఓకే అని నేనన్నానా?" అంది రాధారాణి. చపాతీ పిండి కలుపుతున్న చెయ్యి ఆగలేదు. "కట్ట తెగితే బెవ్ ఇల్లు పోతుంది. దాని కింద రెండు డెయిరీలున్నాయి, కట్టేసిన ఆవులు కట్టేసినట్టే పోతాయి. ఎవరో ఒకరు చెయ్యాలి కదా మైత్రీ. నొప్పి లేకుండా చెయ్యడం నాకు చేతనవును. చేతనయ్యీ ఇంకొకళ్ల మీదికి నెట్టేసి, నేను మాత్రం చీమనైనా తొక్కనని చెప్పుకు తిరగమంటావా?"

"ఐ స్టిల్ హేట్ ఇట్."

"హేట్ చెయ్యి. నేను వద్దన్లేదు."

మైత్రి ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోదు. కానీ షెల్టర్‌కి చేరిన పెంపుడు కుందేళ్లకి ఇళ్లు వెతికే పని తను తీసుకుంది. అలాంటివి వల్లో పడ్డప్పుడు తీసుకెళ్లడానికి అప్పుడప్పుడూ పొలానికీ వచ్చేది. చంపే వేళకి కట్ట దిగి, ట్రక్కులో బెవ్ పక్కన కూర్చునేది.

రెండు చలికాలాలు గడిచేసరికి బొరియలు చాలా తగ్గాయి. కుందేళ్లని ఖాళీ చేసిన బొరియల్ని, కరకట్టలు చూసుకునే వాళ్లు వచ్చి బంకమట్టితో కూరి మూసేవాళ్లు. మూడో ఏడు నవంబరులో, వాళ్లు ఇంకా కొంత భాగం మూయాల్సి ఉండగానే, కొండల్లో కురిసిన మంచు మీద వెచ్చటి వాన పడింది. నది పొంగుతుందన్నారు. ఆ శనివారం పొద్దున్నే పనివాళ్లు మట్టి లారీలతో దిగారు. వాళ్లకన్నా ముందు నడుస్తూ రాధారాణి బొరియలు ఖాళీ చెయ్యాలి. లోపల కుందేళ్లుండగా మూస్తే, అవి మళ్లీ తవ్వుకుని బయటపడతాయి.

పని బాగానే సాగుతోంది. మధ్యాహ్నానికి ఒక్క బొరియే మిగిలింది. పెప్పర్ అందులోకి వెళ్లింది, రెండు కుందేళ్లు వలల్లో పడ్డాయి. పెప్పర్ మాత్రం బయటికి రాలేదు. ఒక్కోసారి లోపల దారి మూసుకుపోయిన చోట కుందేలు దొరికితే, ఫెరెట్ దాన్ని తిని అక్కడే నిద్రపోతుంది. పెప్పర్ మెడపట్టీకి సంకేతాలు పంపే చిన్న బీకన్ ఉంది. చేతిలోని పరికరం అది ఎక్కడుందో చూపించింది, కట్ట వాలులో మోకాలి లోతున. మామూలుగా అయితే తవ్వి తీసేది.

పనివాళ్ల పెద్ద ట్రాయ్ అడ్డంగా తల ఊపాడు. "ఇప్పుడు కట్టకి పార తగిలితే నేనొప్పుకోను." నది అప్పటికే కట్ట సగానికి వచ్చింది.

"తవ్వను. నేనూ కరకట్ట పక్కనే పుట్టాను" అంది రాధారాణి. "ఆ కింద మెత్తబడ్డ చోట్లన్నీ ముందు సర్దుకోండి. అవి అయిపోయేదాకా నాకు టైమివ్వండి. అయ్యాక ఇది కూడా మూసెయ్యండి. పెప్పర్ వచ్చినా రాకపోయినా."

ఆ రోజు పొలానికి వచ్చిన మైత్రి తల్లి ముఖంలోకి చూసింది. "అమ్మా, లోపల పెప్పర్ ఉంది!"

"తెలుసు నాన్నా."

వానలో కట్ట మీద బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి లోపలికి దూర్చింది. అందలేదు. మార్బుల్‌ని పంపింది. అది వెళ్లి, ఒక్కటే తిరిగొచ్చింది. పిలిచింది, బొరియ అంచు మీద తట్టింది. కింద్నుంచి ట్రాయ్ మనుషుల పారల చప్పుడు దగ్గరవుతోంది. ట్రక్కులోంచి బెవ్ గట్టిగా అరిచింది, "వాల్ట్ ఒకసారి చచ్చిన కుందేలుని లోపలికి తోశాడు!"

రాధారాణి పొద్దున పట్టిన కుందేలొకటి తెమ్మంది. సంచీ దగ్గర నిలబడింది మైత్రి. ఆ సంచీని అంతవరకూ ఎప్పుడూ ముట్టుకోలేదు. ఒక్క క్షణం ఆగి, చెయ్యి పెట్టి, కుందేలుని తీసి తల్లికిచ్చింది. రాధారాణి దాని కాళ్లకి తాడు కట్టి, కర్రతో మెల్లగా లోపలికి నెట్టింది. కాసేపు ఆగి తాడు లాగింది. ఏమీ లేదు. మళ్లీ నెట్టి, మళ్లీ లాగింది. ఇంకోసారి లాగేసరికి తాడు బరువెక్కింది. తొందరపడకుండా, అంగుళం అంగుళం తనవైపు తెచ్చుకుంది. నిద్రమత్తు వదలని పెప్పర్ కుందేలు మెడ పట్టుకుని వేలాడుతూ బురదలోకి వచ్చింది. రాధారాణి దాన్ని జాకెట్ లోపల పెట్టుకుని పక్కకి తప్పుకుంది. "రండి, మూసెయ్యండి" అంది ట్రాయ్‌తో. గొంతు మామూలుగానే ఉంది. మైత్రి వచ్చి తల్లి నడుం చుట్టూ చెయ్యి వేసింది.

నీళ్లు కట్ట అంచుకి జానెడు కిందదాకా వచ్చాయి. అక్కడే ఆగి, నిదానంగా తీశాయి. ఎక్కడా గండి పడలేదు. తర్వాత ట్రాయ్ క్లినిక్‌కి వచ్చి, నది పొడుగునా ఇంకో నాలుగు పొలాల్లో ఇదే బెడద ఉంది, చూస్తారా అని అడిగాడు. ఆవిడ సరేనంది. ఇప్పుడు జగన్మోహన్ గారు కూడా ఎవరైనా కొత్తవాళ్లొస్తే, "ఈవిడ మా వేటగత్తె" అని గర్వంగా పరిచయం చేస్తున్నారు.

పోయిన వసంతంలో పెన్నీ నిద్రలోనే పోయింది. బెవ్ పెరట్లో పాతిపెట్టారు. రాధారాణి కొన్నాళ్లు పొలం వైపు వెళ్లలేకపోయింది. శరదృతువులో షెల్టర్ నుంచి ఒక కుర్ర కుక్కని తెచ్చుకుంది. దాని పేరు చిట్టి. కాళ్లు పొడుగు, బుద్ధి ఇంకా రాలేదు. కదిలిన ఆకునల్లా చూసి మొరుగుతుంది. మొన్న వెళ్లినప్పుడు చూశాను. కొత్త పొలంలో బొరియ ఎదురుగా రాధారాణి చలిలో చతికిలబడి, చిట్టి వాసన చూడటం నేర్చుకునేదాకా దానికి అవనిగడ్డ కబుర్లు చెబుతోంది. ట్రక్కులో బెవ్, మేం తెచ్చిన పులిహోరని చెంచాతో తింటూ, కారం చాల్లేదని ఫిర్యాదు చేస్తోంది. కాసేపటికి చిట్టి మొరగడం ఆపి, ముక్కు నేలకి ఆనించి, మొదటిసారిగా ఒక ముందుకాలు పైకెత్తింది. రాధారాణి మాట ఆపి, చప్పుడు కాకుండా వలల సంచీ అందుకుంది.