పొయ్యి మీది ఆనపబుర్ర

బాబాయ్ పోయాడు. విశాఖపట్నం నుంచి సెలవు ముగించుకుని వచ్చిన వెల్డర్ ఒకాయన, పోయిన శుక్రవారం కువైట్‌లో, ఖైతాన్‌లో ఉన్న మా గది వెతుక్కుంటూ వచ్చి చెప్పాడు. పుష్యమాసపు చలిలో మూడు రోజులు దగ్గి, నాలుగో రోజు పొద్దున్న లేవలేదట. ఆ మాట చెప్పి, సంచిలోంచి పాత తువ్వాలు చుట్టిన మూట ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది గోదారబ్బాయికి ఇయ్యమని ముందే సెప్పీసినాడట. ఆళ్లావిడ ఇచ్చినాది," అన్నాడు. విప్పి చూశాను. ఎండిన ఆనపకాయ బుర్ర. మసి పట్టి నల్లగా ఉంది. లోపల ఏమీ లేదు. దాన్ని ఖాళీ చేసింది నేనే.

బాబాయ్ నాకు చుట్టం కాదు. షుఐబాలో మా కాంట్రాక్టు కంపెనీ క్యాంపులో మెస్ వంటవాడు. నేను డెబ్బై ఎనిమిదిలో కోనసీమ నుంచి పైపు ఫిట్టర్‌గా వచ్చి పడేసరికే ఆయన అక్కడ గరిటె పట్టుకుని ఉన్నాడు. వచ్చిన మొదటి రోజు ఏడుపు మింగుకుంటూ కంచం ముందు కూర్చున్న నాకు అడక్కుండా రెండో గరిటె పప్పు వేసి, "తిను బావూ. ఏడుపు కడుపు నిండినాక ఏడవొచ్చు," అన్నాడు. ఆ రోజునుంచి నాకు బాబాయ్. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు కదా. ఆయనకి మాత్రం క్యాంపులో ఉన్న నలభై మందీ మనవాళ్లే.

కువైట్‌లో చలేమిటని నవ్వుతారు, చూడనివాళ్లు. జనవరిలో ఎడారి మీదనుంచి గాలి వీస్తే మా రేకు గదుల్లో రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకలాడేవి. ఆ రోజుల కోసమే ఎదురుచూసినట్టు ఉండేవాడు బాబాయ్. మెస్‌లో గ్యాస్ పొయ్యిలున్నా, వెనకవైపు రేకుల పంచలో సగానికి కోసిన ఇనప డ్రమ్ము పెట్టి, ప్యాకింగ్ పెట్టెల చెక్కలు విరిచి మంట వేసేవాడు. ఎందుకీ చాకిరీ అంటే, "పొగ నేని పొయ్యి పొయ్యేటి?" అనేవాడు. ఒకసారి మా క్యాంపు బాసు మంట చూసి "మమ్నూ, మమ్నూ" అని అరుచుకుంటూ వచ్చాడు. ఆ వేళకి పొయ్యి మీద గుమ్మడికాయ ముక్కలూ ఉలవలూ చింతపండు పులుసులో ఉడుకుతున్నాయి. నిషేధం సంగతి మరిచిపోయి అక్కడే గోనెపట్టా మీద కూర్చుని గిన్నె ఊడ్చి వెళ్లాడు. ఆ తర్వాత మంట గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఆ మంట చుట్టూ కూర్చున్నప్పుడే ఆయన లోయ మాకు తెలిసింది. ఉత్తరాంధ్ర కొండల మధ్య, బస్సు దిగాక పూట నడిస్తేగానీ రాని ఊరు. కొండవాలున చోళ్లు, అదే రాగులు, ఇంకా సామలు, కందులు, ఉలవలు. పెరట్లో గుమ్మడి పాదులు. నూనెకి వలిసెలు. చలికాలానికి ముందే వెదురు చిగుళ్లు తరిగి ఎండబెట్టుకునేవారు. కోతలయ్యాక ఇంట్లో ఖాళీ చేతులు ఉండేవి కావట. తమ్ముడు తేనెకి కొండెక్కితే, ఆడవాళ్లు తిరగలి దగ్గర, ముసలితల్లి కందికాయలు ఒలుస్తూ పొయ్యి పక్కన. పొద్దున్న పులిసిన చోడంబలి, రాత్రి వేడి చోడిముద్దలోకి కందికట్టు. "ఉప్పుకీ కిరసనాయిలుకీ తప్ప సంతకెల్లీవోలం గాదు," అని చెప్పుకునేవాడు. డిపో ఎరువూ డిపో విత్తనమూ తప్ప ఎరగని డెల్టావాళ్లం మేము. ఉప్పొక్కటే కొనుక్కునే బతుకు కూడా ఉంటుందా అని నోళ్లు తెరిచేవాళ్లం.

ఉండేది. లోయ దిగువన ప్రాజెక్టు కట్టారు. నీళ్లు పొలం మీదికొచ్చాయి, తర్వాత ఇంటి మీదికొచ్చాయి. అందరినీ తీసుకెళ్లి మైదానంలో రేకుల కాలనీలో పెట్టారు. నీళ్లకి పైన వాలులో కాస్త నేలచెక్క కొనాలని ఆయన కువైట్ వచ్చాడు. ఈ సంగతి రెండు ముక్కల్లో చెప్పి, మంట ఎగదోసి, మళ్లీ వెదురు చిగుళ్ల దగ్గరికి వెళ్లిపోయేవాడు.

ఇక ఆనపబుర్ర. అది ఆ డ్రమ్ము పొయ్యికి పైన, పంచ వాసానికి తాడుతో వేలాడేది. మూతికి గుడ్డ కట్టి, పేడా మట్టీ కలిపి మెత్తాడు. అందులో ఏముందని అడిగితే, "మా ఇంటి చోళ్లు. దాని జోలికెల్లకండి," అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు. మేం ఊరుకుంటామా? బాబాయ్ బంగారం దాచాడనీ, వీసా ఇచ్చిన కఫీల్‌కి కూడా తెలియని బ్యాంకు ఇదేననీ ఆటపట్టించేవాళ్లం. అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే. ఆయన కూడా నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఎనభై ఒకటో ఏడు చలికాలం ఆయనకి జ్వరం పట్టుకుంది. వారం రోజులు మంచం దిగలేదు. గొంతు దాటి ఏదీ వెళ్లడం లేదు. రొట్టె పెడితే తల తిప్పేసుకునేవాడు. ఒక సాయంత్రం కళ్లు మూసుకునే, "మా ఇంటి అంబలి ఒక్క గుక్క పడితే నేచి కూకుందును," అన్నాడు. మామూలుగా ఎవరో ఒకరు ఊరునుంచి చోడిపిండి తెచ్చేవారు. ఆ ఏడు ఎవరూ వెళ్లిరాలేదు. పిండి డబ్బా అడుగంటింది. నాకు పొయ్యి మీది బుర్ర గుర్తొచ్చింది. మా ఇంటి చోళ్లు అన్నాడు కదా, మా ఇంటి అంబలి అడుగుతున్నాడు కదా, ఇంక ఆలోచించేదేముంది? దింపి, మట్టి పగలగొట్టి, గుడ్డ విప్పాను. ఎర్రగా నిగనిగలాడుతున్న గింజలు. పొగ వాసన. గుప్పెడు వేస్తే ఏం చాలుతుంది, పెట్టినప్పుడు నిండుగా పెట్టాలి, అది మా గోదావరి చెయ్యి. చివరి గింజ రాలేదాకా దులిపి, అన్నీ పెద్ద మూకుట్లో వేయించేశాను. మసాలా మరలో పిండి కొట్టి, నూకలు వేసి కాచి, రాత్రంతా పులియబెట్టాను.

పొద్దున్న లోటా నిండా తీసుకెళ్లి, ఆయన తల ఎత్తి పట్టుకుని తాగించాను. ఒక గుక్క మింగాడు. ఆగాడు. కళ్లు తెరిచి నా మొహంలోకి చూశాడు.

"ఏ చోళ్లు బావూ ఇవి?"

"మీయే బాబాయ్. పొయ్యి మీద బుర్రలోవి."

"ఎన్ని తీసినావు?"

"అన్నీ. వేయించి పిండి కొట్టేశాను. నెల్లాళ్లు చూసుకోనక్కర్లేదు," అన్నాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

ఆయన లోటా నా చేతిలోంచి తీసుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని ఆపకుండా తాగేశాడు. అడుగున మిగిలింది వేలితో తీసి నాకాడు. "ఉప్పు సరిపోనాది," అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

జ్వరం తగ్గింది. లేచి నడవగానే పొయ్యి దగ్గరికి వెళ్లి, ఖాళీ బుర్రని మళ్లీ దాని చోట కట్టాడు. నేను చేసిన పిండితో రోజూ తనే అంబలి కాచి, ఒక్క చుక్క ఒలక్కుండా నలభై మందికీ పోశాడు. పిండి అయిపోయిన రోజున, గిన్నె తోముతున్నప్పుడు, నేను అడక్కుండానే చెప్పాడు. అవి తిండిగింజలు కావు. వాళ్ల ఇంటి విత్తనం. వాళ్ల తాతల నాటినుంచి ఏటా అదే కోసి, అందులోంచే ఏరి, పొయ్యి మీద పొగలో ఉంచి, అదే చల్లుతూ వచ్చారు. కాలనీలో వాళ్లమ్మ దాచిన భాగం పురుగుపట్టి పోయింది. అక్కడ కిరసనాయిలు స్టవ్వే, పొగపొయ్యి లేదు. ఈయన వంటపనికి వెళుతున్నాడని తెలిసి, మిగిలిన బుర్ర చేతిలో పెట్టి, "పొగ తగిలే కాడ ఎట్టు," అందట. నేలచెక్క కొన్నాక చల్లుకోవడానికి లోయలోంచి వాళ్లకి మిగిలింది అదొక్కటే.

"ఎందుకు చెప్పలేదు బాబాయ్?" అన్నాను, తప్పు ఆయనదే అయినట్టు.

"సెప్తే నవ్వుతారనుకున్నాను. సొట్టబుర్రలో గుప్పెడు చోళ్లకి ఇంత బెంగేటని." కాసేపు గిన్నె తోమి, "మాయమ్మ అనీది. కరువులో మడిసి పోతే మళ్లీ పుడతాడు, ఇత్తనం తిన్న ఇంటికి పొగ నేవదు అని," అన్నాడు. నాకేసి చూడలేదు. మళ్లీ తనే, "నువ్వు నా ఆకలికెట్టినావు. నిన్నేటంటాను?" అన్నాడు.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది. ఆ తర్వాత నాలుగేళ్లు అదే మెస్‌లో అదే చేత్తో నాకు అడక్కుండా రెండో గరిటె వేస్తూనే వచ్చాడు. క్షమించమని ఒక్కసారైనా నోరు తెరిచి అడగలేకపోయాను. ఇదిగో అదిగో అనుకుంటుండగానే ఎనభై ఐదులో కాంట్రాక్టు ఖలాస్ అన్నారు. ఆయన సామాను అంతా ఒక చిన్న పెట్టె. బుర్రని మాత్రం చంకలో పెట్టుకుని బస్సెక్కాడు.

వెల్డర్ చెప్పినదాన్నిబట్టి, వాలులో నేలచెక్క కొన్నాడు. చోళ్లు చల్లాడు కూడా. డిపో విత్తనం. ఏపుగానే పండాయట. అంబలి కాచుకుని ఒక గుక్క తాగి లోటా పక్కన పెట్టేసేవాడట. బుర్రలో మాత్రం ఆ గింజలు పోయనివ్వలేదట. ఎందుకని ఇంట్లోవాళ్లు అడిగితే, అది ఇంకొకరిదని అన్నాడట.

ఆ మాట ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నా నాకు నిద్ర పట్టేలా లేదు. కోపమా? ఏడేళ్లు దాచుకున్న కోపమే అయితే నెత్తిన పెట్టుకుంటాను. ప్రేమే అయితే దాన్ని మోసే బలం నాకు లేదు. అడుగుదామంటే ఆయన లేడు. లోయ లేదు. ఆ చోళ్లు ఈ భూమ్మీద ఎక్కడా లేవు. వాళ్ల ఇంటివాళ్లవి కాక వాటి రుచి ఎరిగిన నాలుకలు మా నలభై మందివీ, ఎవరు ఎక్కడున్నారో తెలియదు. వాళ్లకీ ఏదో ఒక చలికాలం తాగిన అంబలిగానే గుర్తుంటుంది, గుర్తుంటే.

ఇప్పుడు నేను దజీజ్‌లో గోడౌను స్టోర్‌కీపర్ని. మా గదిలో ఉన్నది గ్యాస్ పొయ్యి. నిన్న గోడౌనునుంచి విరిగిన ప్యాకింగ్ చెక్కలు నాలుగు తెచ్చుకున్నాను. ఇవాళ తెల్లవారగానే మేడ మీద నూనె డబ్బా కోసి మంట వేసి, బట్టలారేసే తీగకి బుర్రని కట్టాను. చలిగాలికి పొగ ఒకసారి దాన్ని తాకుతోంది, ఒకసారి పక్కకి పోతోంది. పక్కగది రాయచోటి ఆయన దుప్పటి కప్పుకుని పైకి వచ్చి, చేతులు కాచుకుంటూ అడిగాడు.

"ఏం వండుతాండావన్నా, ఇంత పొద్దున్నే?"

"ఏమీ లేదు భాయ్."

ఆయన డబ్బాలోకి తొంగి చూశాడు. తలెత్తి బుర్రకేసి చూశాడు. పొగ పోకుండా తన దుప్పటి ఒక పక్క పట్టుకుని గాలికి అడ్డంగా నిలబడ్డాడు.