ఒక ఎయిర్‌గన్, ఇద్దరి గురి

నా భార్య మీద నాకు కుళ్ళు. పదిమందిలో చెప్పుకునే మాట కాదు గానీ, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. ఆమె నా మేనమామ కూతురు. చదువులో నన్ను మించినప్పుడు ఎలాగో ఓర్చుకున్నాను. ఎయిర్‌గన్ అలా కాదు. అది నేను కొన్నది, పేల్చడం ఆమెకు నేర్పింది నేను.

అంబత్తూరులో నాది ఫిట్టరు పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకునే రకం కాదు. కొత్త గన్నుకు గురి కుదర్చాలని పెరంబూరులోని మా ఇంటి నుంచి, వస్తువును కదలకుండా పట్టే బరువైన ఇనుప వైసు ఒకటి షూటింగ్ క్లబ్బుకు మోసుకెళ్ళి, అక్కడి బెంచీకి బిగించి, అందులో గన్నును పట్టించాను. పది మీటర్ల దూరంలోని అట్ట మీద అయిదు సీసపు పెల్లెట్లూ ఒకే చిల్లులో పడేదాకా, గురి చూసే వెనక సైటు స్క్రూ తిప్పాను. కుదిరింది కదా అని మీసం దువ్వుకున్నాను. తీరా చేతుల్లోకి తీసుకుని పేలిస్తే ఒక్కటీ నల్లటి వలయంలో పడలేదు. పెల్లెట్లను తిట్టాను, పైన తిరుగుతున్న ఫ్యానును తిట్టాను.

అప్పుడు కోచ్ చెప్పాడు. స్ప్రింగు గన్ను పేలేటప్పుడు వెనక్కీ ముందుకీ కుదుపుతుందట, పట్టును బట్టి పెల్లెట్ పడే చోటు మారుతుందట. వైసులో కుదిర్చిన గురి వైసుకే పనికొస్తుందన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

నవ్వి ఊరుకుంటే బాగుండేది. గన్ను తీసుకుని, నిండు పాలగిన్నెలా ఎడమ అరచేతి మీద ఊరికే ఆనించుకుని, పదిలో తొమ్మిది నడిమిలో కొట్టింది. నాకేమో బిగించి పట్టుకుంటేనే నమ్మకం. ఇద్దరి పట్టూ వేరు, చూపూ వేరు కాబట్టి ఒకే గన్నుకు రెండు గురులయ్యాయి. నా వంతు రాగానే సైటు స్క్రూను ఎడమకు మూడు టిక్కులు, అంటే మూడు మెట్లు, తిప్పుకునేవాణ్ణి. ఆమె వంతుకు మళ్ళీ మూడూ వెనక్కి.

ఇలా ఉండగా క్లబ్బుల మధ్య పోటీ వచ్చింది. కొత్తవాళ్ళలో ఒక్కరినే పంపుతామన్నారు. చివరికి మిగిలింది మేమిద్దరమే. ఆ చోటు నాకు కావాలి. ఆ వారమంతా ఆమె వడ్డించిన అన్నం కూడా సహించలేదు. పురసవాక్కంలో చీరలు కొంటున్నప్పుడు మడత విప్పుతున్న ఆమె చేతులే చూస్తూ నిలబడ్డాను. రవ్వంత వణుకు లేదు. పాడు చేతులు.

ఎవరిని పంపాలో తేల్చేది ఆదివారం నాడు, మొదట ఆమె వంతు. సరిచూసుకోవడానికి విడిగా పెల్లెట్లు ఇవ్వరు, పదీ లెక్కే. ఆమె నీళ్ళు తాగి రావడానికి వెళ్ళింది. నేను సైటును ఎడమకు మూడు టిక్కులు తిప్పేశాను. సిగ్గులేని పని, తెలిసే చేశాను.

మొదటి పెల్లెట్ ఎడమకు, వలయం బయట పడింది. ఆమె గన్ను దించి సైటు వైపు చూసింది. నా వైపు చూడలేదు. స్క్రూ తిప్పి మిగతా తొమ్మిదీ నడిమిలో కొట్టింది.

తర్వాత గన్ను నాకివ్వబోతూ, తనే స్క్రూ తిప్పడం మొదలుపెట్టింది.

"నీకు నాలుగు టిక్కులు గావల్ల బావా. ఎప్పుడూ మూడే తిప్పుతావు, ఇందాక తిప్పినట్టు."

తల ఎత్తలేకపోయాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగాను.

"చెప్తే ఇంటావా నువ్వు?" అంది.

ఒక టిక్కు వెనక్కి తిప్పేద్దామన్నంత రోషం వచ్చింది. తిప్పలేదు. రోషం కన్నా ఆశే పెద్దది. నా జన్మలో ఎప్పుడూ రానంత మంచి స్కోరు వచ్చింది. ఒక్క పాయింటు తేడాతో ఆ చోటు నాకొచ్చింది.

క్లబ్బులో అందరూ చప్పట్లు కొట్టారు, ఆమె అందరికన్నా ముందు. ఆ ముఖంలో కాస్తయినా కుళ్ళు కనిపిస్తుందేమోనని వెతికాను. ఎంత వెతికినా లేదు. గెలిచి ఇంటికొచ్చిన ఆ రోజు కూడా నాకు అన్నం సహించలేదు.