ఫాక్స్ మెషీనుకు పెట్టిన బొట్టు

పోయిన వారం అడిలైడులో మా మాసన్ లేక్స్‌లో కౌన్సిలు వాళ్ళు పాత సామాను ఎత్తుకుపోయే రోజు వచ్చింది. అంతకు రెండు మూడు రోజుల ముందు నుంచే ప్రతి ఇంటి ముందూ కాళ్ళు విరిగిన కుర్చీలూ, కుంగిపోయిన పరుపులూ, తుప్పు పట్టిన బార్బెక్యూ పొయ్యిలూ గుట్టలుగా పడి ఉంటాయి. పొద్దున్నే నడకకి బయలుదేరే నాలాంటి రిటైరైన వాళ్ళకి అదొక ఉచిత ఎగ్జిబిషను. ఆ గుట్టల్లో ఒకచోట మాసిపోయిన గోధుమరంగు ఫాక్స్ మెషీను ఒకటి కనిపించింది, దాని ముఖం మీద రూపాయి బిళ్ళంత గుండ్రటి ఆకుపచ్చ స్టిక్కరు ఇంకా ఊడకుండా అంటుకునే ఉంది. ఆ స్టిక్కరు చూడగానే నా కాళ్ళు కదలలేదు. చివరికి అటూ ఇటూ చూసి దాన్ని చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చాను, మా ఆవిడ గుమ్మంలోనే అడ్డం నిలబడి, "మనింట్లో చెత్త చాలదనా, ఊళ్ళోది కూడా మోసుకొస్తున్నారు?" అంది. ఈ దేశంలో నా మొదటి ప్రభుత్వోద్యోగానికీ ఆ స్టిక్కరుకీ ఉన్న సంబంధం ఆవిడకి తెలియనిది కాదు, కానీ నడివయసు దాటాక భార్యలు తెలిసిన సంగతులు తెలియనట్టు ఉండటం నేర్చుకుంటారు.

మన వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, తొంభై తొమ్మిదో సంవత్సరంలో లోకమంతా ఒకటే బెంగ. కంప్యూటర్లు సంవత్సరంలో చివరి రెండంకెలే గుర్తు పెట్టుకుంటాయనీ, తొంభై తొమ్మిది తర్వాత సున్నా సున్నా రాగానే అవి వందేళ్ళు వెనక్కి వెళ్ళిపోయాయనుకుని ఎక్కడివక్కడ ఆగిపోతాయనీ అందరూ చెప్పుకునేవారు. లోకానికి వచ్చిన ఆ బెంగే మనవాళ్ళకి అన్నం పెట్టింది. నిన్నటిదాకా ఎరువుల కొట్లో కూర్చున్నవాడు కూడా మూడు నెలల కోర్సు చేసి సిడ్నీలో మెడలో కార్డు వేలాడేసుకుని తిరిగేవాడు. నేనొక్కణ్ణే మిగిలాను. కాకినాడలో ఇరిగేషను ఆఫీసులో పన్నెండేళ్ళు జూనియర్ అసిస్టెంటుగా ఫైళ్ళు మోసి, నలభై దగ్గరపడ్డాక కుటుంబంతో ఈ దేశం వచ్చినవాణ్ణి, నాకు కంప్యూటరు మీద చెయ్యి వెయ్యాలంటే అమ్మవారి గర్భగుడిలోకి అడుగుపెడుతున్నంత భయం. సిడ్నీలో ఉండే మా బావమరిది ప్రతి ఆదివారం ఫోను చేసి, "బావా, ఆ క్లర్కు జాబ్‌లో ఫ్యూచర్ ఏముంది చెప్పు, ఇటొచ్చెయ్, కోర్సులో నేను జాయిన్ చేయిస్తా" అని పోరేవాడు.

అప్పటికి రెండేళ్ళలో మూడు ఊళ్ళు మారాం. ద్రాక్షపళ్ళ ప్యాకింగు షెడ్డు ఒక ఊరు, గోడౌను ఇంకో ఊరు, చివరికి అడిలైడు. మాకున్న ఒక్కగానొక్క ఎనిమిదేళ్ళ పిల్ల నా వెనకే మూడు బళ్ళు మారింది. మొదటి రెండు బళ్ళలోనూ దానికి ఒక్క స్నేహితురాలు దొరకలేదు, డబ్బాలో పెట్టిన పులిహోర సాయంత్రానికి అలాగే తిరిగొచ్చేది. అడిలైడులో చేరిన నెలకి ఒకరోజు డబ్బా ఖాళీగా వచ్చింది, పక్క పిల్లతో పంచుకుని తిన్నానని చెప్పి, "నాన్నా, మనం ఇక్కడే ఉండిపోతాం కదా?" అని అడిగింది. అప్పట్లో అది నాతో తెలుగులోనే మాట్లాడేది. ఉంటాం తల్లీ అన్నాను గానీ ఆ మాట నా చేతిలో లేదు.

ఎందుకంటే నాకు దొరికింది డిసెంబరు దాకా మాత్రమే ఉండే కాంట్రాక్టు పని. రాష్ట్ర ప్రభుత్వ శాఖ ఒకదానిలో, అట్టడుగు మెట్టు. ఆఫీసులో గడియారం ఉన్న ప్రతి వస్తువునీ జాబితాలో ఎక్కించి, పరీక్షలో నెగ్గినదానికి ఆకుపచ్చ స్టిక్కరు, ఇంకా తేలనిదానికి పసుపు, కొత్త సంవత్సరంలో ఆగిపోతుందనుకున్నదానికి ఎరుపు అంటించడమే ఉద్యోగం. ఎర్ర స్టిక్కరు పడిందంటే ఆ వస్తువుని వెంటనే తీసేసి నేలమాళిగలో పడెయ్యాలి. నేను మనసు పెట్టి చేశాను. ఫాక్సులూ, ఫోటోకాపీ మెషీన్లూ, లిఫ్టూ, టీ గదిలో మైక్రోవేవూ, ఆఖరికి మా మేనేజరమ్మ చేతి గడియారం కూడా వదల్లేదు. నా పక్క సీటులో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒక పెద్దాయన ఉండేవాడు, నేను భోజనానికి వెళ్ళొచ్చేసరికి నా మజ్జిగ ఫ్లాస్కుకి ఆకుపచ్చ స్టిక్కరు అంటించి ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకుంటూ ఉండేవాడు.

మేనేజరమ్మ సంగతి కూడా చెప్పాలి. యాభై దాటిన మనిషి, పొడగరి, మాట తక్కువ. ఆవిడ నా బల్ల పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా నేను లేచి నిలబడేవాణ్ణి. పన్నెండేళ్ళ అలవాటు, మెదడు వద్దన్నా మోకాళ్ళు వినవు. ఆవిడ పది రోజులు చూసి, నాకు నడుం నొప్పి అని తీర్మానించుకుని, కుర్చీలు కొలిచే నిపుణుణ్ణి పిలిపించింది. అతగాడు టేపు పెట్టి నా వెన్నూ తొడలూ కొలిచాడు. అంత పెద్దావిడ మాట కాదనలేక నేను ఎక్కడ నొప్పి అంటే అక్కడే అని తల ఊపాను. వారానికి మీటలున్న కొత్త కుర్చీ వచ్చింది, మా శాఖలో అధికారులకి కూడా లేనిది. లేచి నిలబడటం మాత్రం మానలేదు.

అలా ఉండగా మా విభాగంలోనే ఒక మెట్టు పైన ఒక పర్మనెంటు ఖాళీ పడింది. దరఖాస్తు పెట్టాను, ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. అది దొరికితే అడిలైడు, లేకపోతే జనవరిలో సిడ్నీ, పిల్లకి నాలుగో బడి. ఇంటర్వ్యూ సరిగ్గా దసరా మర్నాడు.

కాకినాడ ఆఫీసులో దసరా అంటే పెద్ద హడావిడి. టైపు మెషీన్లు తుడిచి పసుపు రాసి, బీరువాలకీ, రబ్బరు స్టాంపులకీ, జీపుకీ కుంకుమ బొట్లు పెట్టి, హెడ్ క్లర్కు గారు గుమ్మడికాయ కొట్టించేవారు. ఏడాదంతా మనకి కూడు పెట్టిన పనిముట్టుకి ఆ ఒక్కరోజూ దణ్ణం పెట్టుకోకపోతే చెయ్యి ఆడదు. పైగా మర్నాడు ఇంటర్వ్యూ. మా ఆవిడ కుంకుమ భరిణె జేబులో వేసుకుని, ఏడింటికల్లా ఆఫీసుకి చేరి, కుంకుమలో నాలుగు చుక్కల నీళ్ళు కలిపి, మా అంతస్తులో ఉన్న పదకొండు మెషీన్లకీ గుండ్రంగా, ముద్దుగా బొట్లు పెట్టాను. ఆకుపచ్చ స్టిక్కరు పక్కనే కొలతకి సరిపోయేలా పెట్టాను కూడా, పనిలో శ్రద్ధ ఉన్నవాణ్ణి కదా. అందరూ వచ్చేలోగా తడిగుడ్డతో తుడిచేద్దామనే అనుకున్నాను. ఇంతలో ఫోను మోగింది, రెండు వీధుల అవతల మా శాఖదే ఇంకో భవనంలో ఏదో గది తెరిచారు, జాబితాకి వెంటనే రమ్మన్నారు. ప్రభుత్వం పిలిస్తే పరుగెత్తడం తప్ప ఇంకోటి తెలియనివాణ్ణి, బొట్ల మాటే మరిచి పరుగెత్తాను.

మధ్యాహ్నం రెండింటికి తిరిగొచ్చి చూస్తే మా అంతస్తు బోసిపోయి ఉంది. బల్లల మీద మెషీన్లు లేవు, కుర్చీల్లో మనుషులు లేరు, అందరూ టీ గదిలో చేరి బిస్కెట్లు తింటున్నారు. ఆ రోజు బయట కంపెనీ నుంచి ఆకస్మిక తనిఖీకి మనుషులు వచ్చారట. మెషీన్ల మీద ఎర్రటి గుండ్రాలు చూసి, రాత్రికి రాత్రి పదకొండూ ఫెయిలయ్యాయనుకుని, ట్రాలీల మీద నేలమాళిగకి దింపేశారట. మా మేనేజరమ్మ తలుపు వేసుకుని పై అధికారులకి నివేదిక రాస్తోందనీ, అయిదింటికల్లా అది మంత్రిగారి ఆఫీసుకి వెళుతుందనీ పక్క సీటు పెద్దాయన చెప్పాడు.

ఆయనకి అక్కడే విషయం చెప్పేశాను. ఆయన చేతిలో బిస్కెట్టు టీలో పడిపోయింది. తేరుకుని, నా భుజం తట్టి, "నువ్వేం మాట్లాడకు, మేట్. తప్పు కంపెనీ వాళ్ళ మీదికి పోతుంది" అన్నాడు. బావమరిదికి ఫోను చేస్తే వాడూ అదే పాట, "బావా, రేపు ఇంటర్వ్యూ పెట్టుకుని సూసైడ్ చేసుకుంటావా? సైలెంట్‌గా ఉండు!" నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే ఉండాలనిపించింది. కానీ ఆ తనిఖీకి వచ్చిన మనుషులు కూడా నాలాగే కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళు, వాళ్ళ పిల్లలూ ఏదో బడికి పోతుంటారు కదా అని తోచింది. ఇంక కూర్చోలేకపోయాను.

అయితే ఒప్పుకోవడం కూడా నాకు వచ్చిన పద్ధతిలోనే ఒప్పుకున్నాను. రెండు పేజీల నోటు రాశాను. కొన్ని యంత్రాలపై కొన్ని ఎర్రని గుర్తులు ఏర్పడినట్లు తెలియవచ్చినదనీ, అవి సాంప్రదాయిక కారణముల వలన ఏర్పడియుండవచ్చుననీ, తగు ఉత్తర్వుల నిమిత్తం దయతో పరిశీలించ ప్రార్థన అనీ, అచ్చంగా కాకినాడ ఫైలు భాషని ఇంగ్లీషులో దింపి ఆవిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ ఒకసారి చదివింది, కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదివింది. తలెత్తి, ఇంతకీ ఎవరు చేశారు ఈ పని అని అడిగింది. పన్నెండేళ్ళ నౌకరీలో నన్నెవరూ అంత సూటిగా అడగలేదు. నేనే చేశానన్నాను. అన్నాక, జీవితంలో మొదటిసారి అధికారి ఎదుట చెప్పకుండానే కుర్చీలో కూర్చున్నాను.

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. రాస్తున్న నివేదిక చింపి బుట్టలో వేసి, టీ గదిలోంచి రెండు గుడ్డలు తడిపి తెచ్చి, ఒకటి నా చేతికిచ్చి, పద అంది. నేలమాళిగలో ఆవిడా నేనూ నేల మీద కూర్చుని బొట్లు తుడిచాం. కుంకుమ సంగతి మీకు తెలుసుగా, ఒక పట్టాన వదలదు, మొత్తం గులాబీ రంగైంది. తుడుస్తూ తుడుస్తూ ఎందుకు పెట్టావని అడిగితే, అన్నం పెట్టే పనిముట్టుకి ఏడాదికొకసారి దణ్ణం పెట్టుకుంటామని చెప్పాను. ఆవిడ గుడ్డ పిండుతూ వాళ్ళింటి సంగతి చెప్పింది. వాళ్ళ నాన్న గొర్రెల ఉన్ని కత్తిరించే పనివాడట, సీజను అయ్యాక కత్తెరకి నూనె రాసి, తన పెళ్ళినాటి చొక్కా గుడ్డలో చుట్టి దాచేవాడట, దాన్ని దాటితే పిల్లల వీపు పగిలేదట. తర్వాత, "వచ్చే ఏడాది కింద వైపు పెట్టు, తనిఖీ వాళ్ళకి కనిపించకుండా" అంది. అప్పుడు నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు, ఆవిడ మధ్యలో. మీరు చేసిన పొరపాటు ఒకటి చెప్పండి అని చివర ఉన్నాయన అడిగాడు. దానికి బావమరిది నేర్పిన జవాబు నాకు కంఠతా వచ్చు: అతిగా కష్టపడటమే నా లోపమనాలి. నోరు తెరిచాను గానీ బయటికి వచ్చింది బొట్ల కథ. అడిగినాయన నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకున్నాడు, మేనేజరమ్మ మాత్రం కాగితం మీంచి తల ఎత్తలేదు, ఆవిడ చేతి గోళ్ళలో గులాబీ రంగు ఇంకా అలాగే ఉంది.

ఉద్యోగం నాకే వచ్చిందంటే అబద్ధమవుతుంది. నాకు రెండో స్థానం వచ్చింది. మొదట వచ్చిన కుర్రవాడికి అదే వారం సిడ్నీలో కంప్యూటరు ఉద్యోగం దొరికి వెళ్ళిపోతే, ఆ ఖాళీ నాకు దక్కింది. ఐటీ వల్ల నేను బాగుపడింది అలాగన్నమాట. ఇంటికెళ్ళి చెబితే మా పిల్ల నన్ను పట్టుకుని, వెంటనే ఆ పక్క పిల్ల ఇంటికి పరుగెత్తింది. కొత్త సంవత్సరంలో ఆఫీసు తెరిచిన రోజు అన్నీ పనిచేశాయి, గోడ గడియారం ఒక్కటే బ్యాటరీ అయిపోయి ఆగింది. దానికి నువ్వు బొట్టు పెట్టలేదుగా అన్నాడు పక్క సీటు పెద్దాయన. తర్వాత ఒక్కొక్క మెట్టూ ఎక్కి, నేనే ఇంటర్వ్యూలు చేసేదాకా వచ్చాను. పొరపాటు చెప్పమంటే అందరూ అతిగా కష్టపడతామనే చెప్పేవారు. మేనేజరమ్మ రిటైరయ్యే దాకా ప్రతి దసరాకీ నా బల్ల దగ్గరికొచ్చి, పెట్టేశావా అని మెల్లగా అడిగి వెళ్ళేది.

ఇప్పుడు మా అమ్మాయి పక్క గదిలో కూర్చుని ల్యాప్‌టాప్ మీద ఉద్యోగం చేస్తుంది. ఆరేసి నెలల కాంట్రాక్టులు, ఈసారిది డిసెంబరులో అయిపోతుంది. భయం లేదా అంటే, "ఇట్స్ ఫైన్, డాడ్. ఎవ్రీవన్స్ ఆన్ కాంట్రాక్ట్" అంటుంది. దాని మేనేజరు బ్రిస్బేన్‌లో ఉంటాడట, తెర మీద తప్ప ఇంతవరకూ మనిషిని చూడలేదు. నిన్న దసరాకి నేను భరిణె పట్టుకుని గుమ్మంలో నిలబడితే, చూపు తెర మీంచి తిప్పకుండానే, "అండర్‌నీత్, డాడ్. ఓకే?" అని ల్యాప్‌టాప్ ఎత్తి పట్టుకుంది. పెట్టాను. ఫాక్స్ మెషీనుకి మాత్రం ముఖం మీదే, ఆకుపచ్చ స్టిక్కరు పక్కనే పెట్టాను, దానికిప్పుడు ఏ తనిఖీ భయమూ లేదు. బొట్టు పెట్టిన వేలు తుడుచుకుంటూ మా అమ్మాయినే చూస్తూ నిలబడ్డాను. నాకంటే తెలివైన పిల్ల, నాకంటే పెద్ద ఉద్యోగం, దాని గురించి నాకు బెంగ ఉండకూడదు. కానీ ఏదో ఒకరోజు అదీ ఒక పొరపాటు చేస్తుంది. ఆ రోజు తడిగుడ్డ పట్టుకుని దాని పక్కన నేల మీద కూర్చునేది ఎవరు?