కొర్రమీనుకు గాలి జాగా

మా రాయచూరు ఊరి తోటలో, జనం చూడ్డానికి కట్టిన చేపల ఇంటిని ఎవరు బాగుచేయించారని అడిగితే ఇప్పుడు ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. మున్సిపాలిటీ అని కొందరు, కరెంటు ప్లాంటు వాళ్లని కొందరు. రెండూ అబద్ధం కావు. కానీ అందులో ఒక కొర్రమీనుకు కూడా వాటా ఉందని ఎవరూ చెప్పరు. ఆ సంగతి తేలిన పొద్దున అక్కడ ఉన్నది మేం ముగ్గురమే. నేను రాయకపోతే ఆ చేప మాట ఎవరికీ తెలియకుండా పోతుంది.

అప్పటికి కృష్ణ ఒడ్డున ప్లాంటు పొగగొట్టాలు లేచి, ఊళ్లో కొత్త ముఖాలు పెరిగాయి. చేపల ఇల్లు మాత్రం పాతదే. ఒకటే పొడుగాటి గది, రెండు గోడల వెంబడి అద్దాల తొట్లు. అద్దాలకు పాచి, మూలల్లో తుప్పు. ఎక్కడినుంచో తెప్పించిన బంగారు చేపలు ప్రతి ఎండాకాలం చచ్చిపోయేవి. కరెంటు పోతే గాలి మోటారు ఆగేది, మోటారు ఆగితే చేపలకు ఊపిరి ఆడేది కాదు. చివరికి తొట్లు ఎండిపోయాయి. బాగుచేయడమా, తీసేసి ఆ గదిలో నీళ్ల పైపులు పెట్టుకోవడమా అన్న మాట వచ్చింది.

నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టేదాన్ని, మధ్యాహ్నాలు లైబ్రరీలో కూర్చునేదాన్ని. చేపల మీద అక్కడున్న పుస్తకాలన్నీ చదివాను. తెలియని కన్నడ మాటకు, ఇంగ్లీషు మాటకు డిక్షనరీ తిరగేశాను. ఇది గర్వంగానే చెబుతున్నాను. మన నదుల చేపల బొమ్మలు ఆ పుస్తకాల్లో కనిపించిన రోజు నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. బంగారు చేపలెందుకు మనకు? ఎడమ గోడకు కృష్ణ, కుడి గోడకు తుంగభద్ర. అటు నల్లరాళ్లు, ఇటు ఇసుక, జమ్ము. మధ్యలో నిలబడ్డ మనిషి, మా జిల్లా లాగే, రెండు నదుల నడుమ ఉంటాడు! ఆ నమూనా అంతా కుట్టుపని సుద్దతో చేపల ఇంటి నేల మీద గీసేశాను. అక్కడి కావలి ముసలాయన, నేను కాకా అని పిలిచేదాన్ని, దాన్ని తొక్కకుండా గోడ పక్కన నడిచేవాడు.

"పంతులమ్మా, నీ నదులల్ల వరదొస్తే చెప్పు, చెప్పులు పైన పెడత," అనేవాడు.

ప్లాంటు నుంచి ఒక ఇంజనీరు గారు వచ్చి చూశారు. కొత్త అద్దాలు, మోటార్లు తాము ఇవ్వవచ్చా అన్నది తేల్చేది ఆయనే. వాళ్లది కాలువ కింద వరి పండించే క్యాంపు కుటుంబం, అంటే కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఊళ్లు కట్టుకున్నవాళ్లు. "మోటారాగితే చచ్చే చేపలకి ఖర్చెందుకమ్మా? బొమ్మ చేపలు పెట్టుకోండి, తిండి కూడా అడగవు," అని నవ్వారు. ఇంకొక్కసారి చూసి, కాదని రాసేస్తానన్నారు.

నాకు పట్టుదల వచ్చింది. దేవదుర్గ వైపు చేపలు పట్టే ఒకాయనను అడిగితే, బతికున్న కొర్రమీనును తడి గోనెలో చుట్టి తెచ్చి ఇచ్చాడు. మోటారు లేకపోయినా బతికే చేప అది. మామూలు చేపలకు చాలినట్టు నీళ్లలోని గాలి ఒక్కటే దానికి చాలదు, పైకి వచ్చి మన గాలి మింగాలి. దాన్ని ఒక తొట్టిలో సగం నీళ్లలో వదిలి, "ఎగిరి దుంకుతది కాకా, పైన మూత పెట్టు," అని ఇంటికి వెళ్లాను.

మా ఊళ్లో నల్లా వచ్చిందంటే, కుళాయిలో నీళ్లు వదిలారంటే, సంబరమే. బిందె, బకెట్టు, గంగాళం, చివరికి చెంబు కూడా అంచు దాకా నింపి, దుమ్ము పడకుండా మూత పెడతాం. వెలితిగా ఉన్న పాత్రను చూస్తే మా వాళ్ల చేతులు ఊరుకోవు. ఇంజనీరు గారు వచ్చే పొద్దున్నే తోటలో నల్లా వచ్చింది. నేను వెళ్లేసరికి కాకా ఆ తొట్టిని అంచు దాకా నింపి, అద్దపు పలక బిగువుగా కప్పి, దాని మీద రాయి పెట్టి, మురిసిపోతూ నిలబడ్డాడు. లోపల కొర్రమీను మూతితో పలకను పొడుస్తోంది.

"జూసినవా బిడ్డా, సాబ్ వస్తడని సలాం కొడుతుంది!"

"సలాం కాదు కాకా! మునిగి చస్తుంది. రాయి తియ్యి, నీళ్లు తోడాలె!"

"చేప నీళ్లల్ల మునిగి చస్తదా? గా లైబ్రరీ బుక్కుల గిదే రాసిండ్రా? నిండు తొట్టి నీళ్లు పారబోస్తరా ఎవరన్న? మల్ల నల్లా ఎప్పుడొస్తదో ఎరుకేనా?"

వెనక నుంచి నవ్వు వినిపించింది. ఇంజనీరు గారు వచ్చేశారు. "ఏంటమ్మా, చేపకి ఈత రాదా?" అన్నారు. నేను రాయి దించాను. పలక నీళ్లకు అంటుకుపోయి రాలేదు. ఆయనే ఒక అంచు పట్టి లాగారు. నేను చెంబుతో తోడుతుంటే, కాకా ఒక్క చుక్క కింద పడకుండా బకెట్టు పట్టాడు.

చేప అడుగుకు జారిపోయింది. ఒళ్లు ఒక పక్కకు ఒరిగింది. నేను చెంబు వదిలి అద్దానికి ముఖం ఆనించాను. అంతలో తోక కదిలింది, మెల్లగా పైకి వచ్చింది, నోరు తెరిచి గాలిని గుటుక్కున మింగింది. మళ్లీ ఒకసారి. "అరె! మనిషి లెక్క మింగుతుంది గదరా!" అన్నాడు కాకా.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. గది చీకటైంది, ఖాళీ తొట్టి మీద ఉత్తగా తిరుగుతున్న మోటారు ఆగింది.

"సాబ్, కరెంటు చేసేది మీరు, పోయేది మా ఊర్ల," అన్నాడు కాకా.

ఇంజనీరు గారు ఆ మాటకు నొచ్చుకోలేదు, కదలనూ లేదు. కిటికీ వెలుగులో కొర్రమీను మళ్లీ పైకి వచ్చేదాకా చూశారు. "మోటారు లేకుండా బతికేవి ఇలాంటివి ఇంకేమున్నాయమ్మా?" అని అడిగారు. మట్టగిడస, మార్పు చేప, ఇంగిలాయి అని గడగడా చెప్పేశాను, ఊపిరి తీసుకోవడం మరిచి.

"అయితే ముందు వీటితో మొదలెడదామండి. బొచ్చె, రవ్వ లాంటి చేపలకి మోటారు సంగతి తర్వాత చూద్దాం. అద్దాలు మేమిస్తాం. బాగుచెయ్యొచ్చనే రాస్తాను." గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగారు. "ఏ తొట్టిలో ఎంత వెలితి ఉంచాలో గీత గీసి పెట్టండి. లేకపోతే ఈ పెద్దాయన నింపేస్తాడు."

సాయం చేసిన వాళ్లందరి పేర్లూ రాయాలనుకున్నాను, వాళ్లే వద్దన్నారు. కాబట్టి పేర్లు లేకుండానే చెబుతున్నాను. పుస్తకాలు గడువు దాటినా అడగని లైబ్రరీ సారుకు, గోనెను దారంతా తడుపుతూ వచ్చిన దేవదుర్గ అన్నకు, అద్దాలు ఇప్పించిన ఇంజనీరు గారికి, నల్లా వచ్చిన ప్రతిసారీ ఆ గీత దగ్గర చెయ్యి ఆపుకోవడానికి నానా అవస్థ పడిన మా కాకాకు నా దండాలు.